వాటర్ హీటర్ నెత్తిన లీక్: ట్యాంకు మార్చేముందు పైన చూడండి

గరాజ్‌లో వాటర్ హీటర్ కింద నీళ్లు మడుగు కట్టి కనబడగానే ఇంట్లో మొదట వచ్చే మాట "ట్యాంకు పోయింది". నీళ్లు కింద కనబడ్డాయి కాబట్టి కిందే కారుతోందనుకోవడం సహజం. కానీ నిలువు ట్యాంకులో పైన ఏదో ఒక జాయింటు దగ్గర పడే చుక్క ముందు పై రేకు మీద పాకుతుంది. తర్వాత బయటి రేకుకీ లోపలి ట్యాంకుకీ మధ్యనున్న ఫోమ్‌లోకి దిగి, నాలుగైదడుగులు జారి, చివరికి అడుగున బయటపడుతుంది. పైన పోయింది పది డాలర్ల నిపుల్, అంటే పొట్టి పైపు ముక్క, అయినా కిందినుంచి చూసేవాళ్లకి వేల డాలర్ల ట్యాంకు పోయినట్టే ఉంటుంది. అందుకే కొత్త హీటర్‌కి డబ్బు కట్టేముందు ఒక అరగంట నిచ్చెన వేసుకుని పైన చూడండి.

ఇక్కడ చెప్పేది అమెరికా ఇళ్లలో ఉండే 40, 50 గ్యాలన్ల ట్యాంకు హీటర్ల గురించి, గ్యాస్‌వైనా కరెంటువైనా. మన ఊళ్లో గీజరు గోడకి వేలాడుతుంది, చన్నీళ్ల పైపూ వేణ్నీళ్ల పైపూ దాని అడుగునుంచే వస్తాయి కాబట్టి అక్కడ లీక్ అంటే కిందే వెతుకుతాం. ఇక్కడి ట్యాంకు నేల మీద నిలబడుతుంది, పైపులన్నీ నెత్తిమీదే. టెక్సాస్‌లాంటి చోట్ల చాలా ఇళ్లలో హీటరు ఏకంగా అటక మీదే ఉంటుంది. అక్కడ లీక్ సంగతి మనకి తెలిసేది పడగ్గది సీలింగ్‌లో గోధుమరంగు మరక తేలినప్పుడు.

పైన ఏమేం ఉంటాయి

ట్యాంకు నెత్తిన రెండు పైపులు, సాధారణంగా ఎనిమిది అంగుళాల ఎడంతో కనబడతాయి. నీలం గుర్తున్నది చన్నీళ్లు లోపలికి వెళ్లేది, ఎరుపు గుర్తున్నది వేణ్నీళ్లు బయటికి వచ్చేది. ట్యాంకులోంచి ఒక్కోచోట పొట్టి ఇనప నిపుల్ పైకి పొడుచుకుని ఉంటుంది, దాని మీద రాగిపైపో, స్టీలు అల్లిక ఉన్న ఫ్లెక్స్ పైపో బిగించి ఉంటుంది. చన్నీళ్ల పైపు మీద నీళ్లు మూసే ఒక షటాఫ్ వాల్వ్. కొన్నింటిలో టీ అండ్ పీ వాల్వ్, అంటే ఒత్తిడి గానీ వేడి గానీ హద్దు దాటితే తెరుచుకునే సేఫ్టీ వాల్వ్, పైనే ఉంటుంది. ఇంకొన్నింటిలో పక్కన, పైనుంచి ఆరు అంగుళాల లోపు ఉంటుంది. వీటన్నిటి మధ్యా ఒక పెద్ద ఆరుపలకల బోల్టు తల, ఒక్కోసారి ప్లాస్టిక్ మూత కింద దాక్కుని, కనబడుతుంది. అది యానోడ్ రాడ్, అంటే ట్యాంకుని తుప్పునుంచి కాపాడే కమ్మీ, తల. గ్యాస్ హీటరైతే నడిమధ్యలో పొగ గొట్టం. కరెంటు హీటరైతే పైనే వైర్లు దిగే చిన్న పెట్టె ఉంటుంది. పై లీకు నీళ్లు సరిగ్గా ఆ పెట్టెలోకే చేరగలవు, అందుకే ముందు కరెంటు కట్టేయాలి.

ముందు ప్రాణం, తర్వాత పైపు

కరెంటు హీటర్‌కి ప్యానెల్‌లో 30 ఆంపియర్ల జంట బ్రేకరు ఉంటుంది, ఎక్కువ ఇళ్లలో 240 వోల్టులు. దాన్ని ఆపాక పైనున్న పెట్టె మూత తీసి, మల్టీమీటరుతో రెండు వైర్ల మధ్యా, ఒక్కో వైరుకీ ఎర్తుకీ మధ్యా వోల్టేజీ సున్నా అని చూసుకోండి. బ్రేకరు మీద ఎవరో ఎప్పుడో రాసిన పేరుని నమ్ముకోవద్దు. మూత దగ్గర తడి ఉంటే కరెంటు ఆపేదాకా ఆ రేకుని ముట్టుకోకండి.

గ్యాస్ హీటరైతే కంట్రోల్ గుబ్బని పైలట్ స్థానానికి తిప్పండి, అది లేని కొత్తరకమైతే ఆఫ్‌కి. పొగని ఫ్యానుతో బయటికి తోసే రకానికి ప్లగ్గు కూడా పీకేయాలి. గ్యాస్ వాసన వస్తుంటే మరమ్మతు మాట వదిలేసి, స్విచ్చులేవీ ముట్టుకోకుండా అందరూ బయటికి వచ్చి, అక్కణ్నుంచి గ్యాస్ కంపెనీకి ఫోన్ చేయండి.

తర్వాత చన్నీళ్ల షటాఫ్. లీక్ వెతికేటప్పుడు ఇది తెరిచే ఉండాలి, మూసేది విప్పే పని మొదలుపెట్టేటప్పుడు. పొడుగు పిడి ఉన్న బాల్ వాల్వ్ అయితే పిడి పైపుకి అడ్డంగా తిరిగితే మూసినట్టు. గుండ్రటి చక్రం ఉన్న గేట్ వాల్వ్ అయితే కుడివైపుకి తిప్పుతూ పోవాలి. పాత గేట్ వాల్వులు ఏళ్ల తరబడి కదలక పూర్తిగా మూసుకోకపోవచ్చు. అప్పుడు ఇంటి మెయిన్ వాల్వ్ మూయాల్సిందే, కాబట్టి అదెక్కడుందో ముందే చూసి పెట్టుకోండి.

చుక్క ఎక్కడ పుడుతోంది

ఇక్కడే ఎక్కువమంది తొందరపడతారు. కనబడ్డ నట్టునల్లా బిగించేస్తారు, దాంతో ఒక లీకు రెండవుతుంది.

కరెంటు, గ్యాస్ ఆపి, నీళ్లు మాత్రం వదిలే ఉంచండి, ఒత్తిడి లేకపోతే లీక్ కనబడదు. పైభాగమంతా పొడిగుడ్డతో శుభ్రంగా తుడవండి. ఒక్కో జాయింటుకీ పొడి టిష్యూ కాగితం విడిగా చుట్టండి: షటాఫ్ వాల్వ్ పిడి కింద ఒకటి, ఫ్లెక్స్ పైపు పై నట్టుకొకటి, కింది నట్టుకొకటి, నిపుల్ ట్యాంకులోకి దిగేచోట ఒకటి, యానోడ్ తల చుట్టూ ఒకటి, టీ అండ్ పీ వాల్వ్ మొదట్లో ఒకటి. ఇరవై నిమిషాలాగి టార్చి వేసి చూడండి. తడిసిన కాగితాల్లో అన్నిటికంటే ఎత్తున ఉన్నదే దొంగ. దాని కింద తడిసినవన్నీ పైనుంచి జారిన నీళ్లకే తడిసి ఉండొచ్చు.

రంగు కూడా చాలా చెబుతుంది. ఆకుపచ్చగా పెచ్చుకట్టి ఉంటే రాగి లేదా ఇత్తడి చోట చాన్నాళ్లుగా చెమ్మ ఉందని. తెల్లటి పెచ్చు నీళ్లలోని సున్నం. ఎర్రటి తుప్పు అయితే ఇనప నిపుల్ లేదా ట్యాంకు. ఈ పెచ్చు ఒక్కోసారి సన్నని లీక్‌ని తనంతట తనే మూసేస్తుంది, చుక్క ఆగిపోయినట్టుంటుంది. దాన్ని చూసి వదిలేయకండి, ఆ పెచ్చు కింద తుప్పు మరలని తినేస్తూనే ఉంటుంది. గోటితో కాస్త గీకి చూస్తే లోపల తడి తెలుస్తుంది.

కాగితాలేవీ తడవకుండా నీళ్లు అప్పుడప్పుడే కనబడుతుంటే వేళ గమనించండి. రాత్రిళ్లు ఎవరూ నీళ్లు వాడనప్పుడు మాత్రమే కారితే అది ఒత్తిడి సమస్య, టీ అండ్ పీ దగ్గర దాని సంగతి ఉంది. వానపడ్డప్పుడే కారితే పొగ గొట్టం ఇంటి పైకప్పు దాటేచోట నీళ్లు దిగుతున్నాయి, ప్లంబింగ్‌తో సంబంధం లేదు. చాలామంది వరసగా స్నానాలు చేసి ట్యాంకంతా చల్లబడ్డప్పుడు చెమ్మగా ఉండి, వేడెక్కాక ఆరిపోతే అది గాలిలో తేమ చెమర్చడం, లీక్ కాదు.

ఒక్క విషయం మాత్రం గ్యాస్ హీటరున్నవాళ్లు తప్పక చూడాలి. నిపుళ్ల మొదట్లో ఉండే నీలం, ఎరుపు ప్లాస్టిక్ ఉంగరాలు కరిగి వంకరపోయి ఉన్నాయా? పొగ గొట్టం కింది టోపీ చుట్టూ రేకు తుప్పుపట్టి, మసిపట్టి ఉందా? ఉంటే పొగ పైకి పోకుండా గరాజ్‌లోకే వెనక్కి తంతోంది. ఆ పొగలోని ఆవిరే పైన నీళ్లుగా కనబడుతుంది. అందులో వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, మనుషుల్ని చంపేస్తుంది. ఆ హీటరుని ఆపేసి, పొగ గొట్టం బాగుచేయించేదాకా వెలిగించకండి.

షటాఫ్ వాల్వ్ పిడి దగ్గర కారితే

ఇది అన్నిటికంటే సుళువు. పిడి కింద ఒక చిన్న నట్టు ఉంటుంది, దాన్ని ప్యాకింగ్ నట్టంటారు. వాల్వ్ ఒళ్లుని ఒక రెంచితో గట్టిగా పట్టుకుని, రెండో రెంచితో ఆ నట్టుని కుడివైపుకి ఎనిమిదోవంతు చుట్టు తిప్పండి. ఆగకపోతే ఇంకో ఎనిమిదోవంతు. అప్పటికీ ఆగలేదంటే ఆ వాల్వ్ ఆయుష్షు తీరింది. మెయిన్ మూసి, ముప్పావు అంగుళం బాల్ వాల్వ్ వేయించండి. మళ్లీ గేట్ వాల్వ్ వేయించుకోకండి.

ఫ్లెక్స్ పైపు నట్టు దగ్గర

ఫ్లెక్స్ పైపు నట్టు లోపల ఒక రబ్బరు వాషరు ఉంటుంది. నీళ్లని ఆపేది అదే, మరలు కాదు. అందుకే ఇక్కడ టెఫ్లాన్ టేపు అక్కర్లేదు. టేపు చుడితే నట్టు అడుగుదాకా దిగదు, వాషరు సరిగ్గా నొక్కుకోదు, లీక్ ఇంకా ఎక్కువవుతుంది. వేణ్నీళ్ల వైపు వాషరు కొన్నేళ్లకి గట్టిపడి, చీలికలొచ్చి పోతుంది. కొత్త లీక్ అయితే ముందు పావు చుట్టు బిగించి చూడండి. ఆగకపోతే వాషరు ఒక్కటే మార్చకుండా పైపే మార్చడం మంచిది, ఇరవై డాలర్లకి అటూ ఇటూ.

కొనేముందు నిపుల్ పైకొసనుంచి పై పైపు కొసదాకా కొలవండి. 12, 15, 18, 24 అంగుళాల పొడుగుల్లో దొరుకుతాయి. పొట్టి పైపుని లాగి పెట్టినా, పొడుగుదాన్ని మెలిపెట్టి మడిచినా చీలుతుంది. చేత్తో బిగుసుకునేదాకా తిప్పి, తర్వాత రెంచితో పావు చుట్టు చాలు. అంతకంటే బిగిస్తే వాషరు తెగుతుంది.

రాగిపైపుకి సోల్డరు జాయింటు ఉండి అది కారుతుంటే, పైపులో చుక్క నీరున్నా సోల్డరు పట్టదని గుర్తుంచుకోండి. నిపుల్ మీదే టార్చి మంట పెట్టొద్దు. దాని లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది, చన్నీళ్ల వైపు ట్యాంకులోకి దిగే గొట్టం, డిప్ ట్యూబు, కూడా ప్లాస్టిక్కే, రెండూ కరుగుతాయి. అలవాటు లేనివాళ్లు ఆ పని ప్లంబర్‌కి వదిలేయడమే మేలు.

నిపుల్ మొదట్లో కారితే

పై లీకుల్లో ఎక్కువ అవస్థ పెట్టేది ఇదే. ఇనప ట్యాంకు మీద నేరుగా రాగి బిగిస్తే, నీళ్ల సమక్షంలో ఆ రెండు లోహాల మధ్య సన్నని విద్యుత్తు నడుస్తుంది. దానికి బలయ్యేది ఇనుమే. దాన్ని ఆపడానికే లోపల ప్లాస్టిక్ పూత ఉన్న డైఎలక్ట్రిక్ నిపుల్ వేస్తారు. మామూలు ఇనప నిపుల్ వేసినచోటా, పూత చెడినచోటా మరలు తుప్పుపట్టి నీళ్లు చెమర్చడం మొదలవుతుంది. బయటినుంచి ఎంసీల్‌లాంటిది ముద్ద చేసి అద్దితే ఇక్కడ నిలవదు. లోపల 60 పీఎస్ఐ ఒత్తిడి, రోజంతా వేడెక్కి చల్లబడే లోహం, ముద్ద కొన్నాళ్లకే ఊడుతుంది. అది గట్టిపడ్డాక తర్వాత రెంచి పట్టడానికి కూడా చోటుండదు.

కావలసినవి: ముప్పావు అంగుళం డైఎలక్ట్రిక్ నిపుల్, ఉన్నదాని పొడుగే, తెచ్చుకోవడం కూడా రెండు, ఎందుకంటే ఒకటి తుప్పుపడితే రెండోదీ ఆ వయసుదే. 14 లేదా 18 అంగుళాల పైప్ రెంచీలు రెండు. టెఫ్లాన్ టేపు, తాగునీటికి పనికొచ్చే పైప్ డోపు (మరలకి పూసే పేస్టు), తుప్పు వదిలే నూనె, వైరు బ్రష్షు, బకెట్టు, తోటపైపు. ఊళ్లో ప్లంబర్లు మరలకి నూలుదారం చుట్టి సఫేదా పూసినట్టు ఇక్కడ చేయొద్దు, టేపూ డోపే వాడండి.

కరెంటు లేదా గ్యాస్ ఆపాక వెంటనే నీళ్లు మూయకండి. ముందు ఒక వేణ్నీళ్ల కుళాయి తిప్పి, గోరువెచ్చగా వచ్చేదాకా వదలండి, చేయి కాలకుండా పని జరుగుతుంది. అప్పుడు చన్నీళ్ల షటాఫ్ మూసి, ఆ కుళాయి తెరిచే ఉంచండి, లోపలికి గాలి పోవాలి. ట్యాంకు అడుగునున్న డ్రెయిన్ వాల్వ్‌కి తోటపైపు తగిలించి రెండు మూడు గ్యాలన్లు తీయండి. 50 గ్యాలన్ల ట్యాంకులో ఒక అంగుళం ఎత్తు నీళ్లంటే ఉరామరిగా ఒక గ్యాలను, కాబట్టి పైన పనికి ట్యాంకంతా ఖాళీ చేయక్కర్లేదు. పైఅంతస్తు ఉన్న ఇల్లయితే ఇంట్లో అన్నిటికంటే కింద ఉన్న వేణ్నీళ్ల కుళాయి కూడా తెరవండి. లేకపోతే పైగదుల పైపుల్లో నిలిచిన నీళ్లన్నీ మీరు నట్టు విప్పగానే మీ మీదకే దిగుతాయి.

పాత నిపుల్ మొండికేస్తుంది. మొదట్లో నూనె వేసి అరగంట వదలండి. ఆ తర్వాత ఎడమవైపుకి తిప్పేటప్పుడు ట్యాంకుని ఇంకొకరు రెండు చేతులతో హత్తుకుని పట్టుకోవాలి. ఈ మాట తేలిగ్గా తీసుకోకండి. ట్యాంకు ఒక అంగుళం తిరిగినా గ్యాస్ పైపు జాయింటు సడలుతుంది, పొగ గొట్టం ఊడుతుంది. కుదుపుతో లాగొద్దు, ఒకే తీరుగా బరువు పెడుతూ తిప్పండి. కదలకపోతే కాస్త బిగించి, మళ్లీ వదులు చేయండి, తుప్పు విరుగుతుంది. అప్పటికీ కదలక నిపుల్ నలగడం మొదలైతే ఆపేయండి. అది ట్యాంకులోపల విరిగితే పని రెండింతలవుతుంది.

చన్నీళ్ల నిపుల్ బయటికి వచ్చేటప్పుడు దానితోపాటు ఒక పొడుగాటి ప్లాస్టిక్ గొట్టం రావచ్చు. అదే డిప్ ట్యూబు, చన్నీళ్లని ట్యాంకు అడుగుకి తీసుకెళ్లేది. అది చీలలేదు, విరగలేదు అని చూసి మళ్లీ చన్నీళ్ల వైపే పెట్టండి. పొరపాటున వేణ్నీళ్ల వైపు పెట్టినా, అసలు పెట్టకపోయినా స్నానం మధ్యలోనే నీళ్లు చల్లబడిపోతాయి, కారణం మాత్రం ఎవరికీ అంతుపట్టదు.

ఇప్పుడు ట్యాంకులోని మరలని వైరు బ్రష్షుతో శుభ్రం చేసి, టార్చి వేసి, చివరి వేలు లోపల తిప్పి చూడండి. మరల అంచులు వేలికి తెలియాలి. నున్నగా తగిలితే, లేదా ఒక పక్క మరలే లేకపోతే, నిపుల్ మార్చి లాభం లేదు, ట్యాంకు మార్చాల్సిందే.

మరలు బాగుంటే కొత్త నిపుల్‌కి టేపు చుట్టండి. బిగించే కొస మీ వైపుకి పెట్టుకుని, గడియారం ముల్లు తిరిగే వైపుకే, సాగదీస్తూ నాలుగైదు చుట్లు. మొదటి మర వదిలేయండి, లేకపోతే టేపు ముక్కలు నీళ్లలో పడి కుళాయి జల్లెళ్లలో ఇరుక్కుంటాయి. తిరగేసి చుడితే బిగించేటప్పుడు టేపంతా ముద్దగా పైకి తోసుకొస్తుంది, అలా కనబడితే తీసేసి మళ్లీ చుట్టాలి. టేపు మీద పలచగా డోపు పూయండి. చేత్తో రెండు మూడు చుట్లు నున్నగా దిగాలి. మొదటి చుట్టులోనే పట్టేస్తే మరలు తప్పుకున్నట్టు, బలవంతం చేయకుండా విప్పి మళ్లీ మొదలుపెట్టండి. ఆ తర్వాత రెంచితో ఒకటిన్నర నుంచి రెండు చుట్లు. ఈ మరలు పైకి వెళ్లేకొద్దీ లావెక్కుతాయి కాబట్టి బిగింపు దానంతటదే వస్తుంది, అడుగుదాకా దిగనక్కర్లేదు.

టీ అండ్ పీ వాల్వ్

దీనికి రెండు లీకులుంటాయి, రెండిటికీ పరిష్కారాలు వేరు. వాల్వ్ ట్యాంకులోకి దిగే మరల దగ్గర కారితే విప్పి, నిపుల్‌కి చెప్పినట్టే టేపు చుట్టి బిగించాలి. వాల్వ్ పక్కగా ఉంటే పది గ్యాలన్లదాకా తీయాలి, పైన ఉంటే రెండు మూడు చాలు.

దాని నోటినుంచి కిందికి వెళ్లే పైపులో చుక్కలు పడుతుంటే మాత్రం, వాల్వ్ చెడిందా, లేక తన పని తను చేస్తోందా అన్నది తేల్చాలి. ఇళ్లలో వాడే వాల్వ్ మీద సాధారణంగా 150 పీఎస్ఐ, 210 డిగ్రీల ఫారెన్‌హీట్ అని ఉంటుంది. పదిహేను డాలర్ల లోపు దొరికే ప్రెషర్ గేజి పెరట్లో తోటపైపు కుళాయికి బిగించి, ఇంట్లో నీళ్లన్నీ ఆపి చూడండి. ఎర్రముల్లు ఎక్కువలో ఎక్కువ ఎంతకి పోయిందో నిలిచి చూపే రకం గేజి అయితే రాత్రంతా వదిలేయొచ్చు. 80 పీఎస్ఐ దాటితే ఇంటికి నీళ్లొచ్చే చోటున్న ప్రెషర్ తగ్గించే వాల్వ్ చూపించుకోవాలి. పగలు 60 ఉండి, హీటరు వేడెక్కినప్పుడు ఎగబాకితే అది నీళ్ల వ్యాకోచం. 50 గ్యాలన్ల నీళ్లు 60 డిగ్రీల నుంచి 120 డిగ్రీలకి వేడెక్కితే అర గ్యాలనుకి పైగా పెరుగుతాయి. ఇంటి పైపు మొదట్లో నీళ్లు వెనక్కి పోనివ్వని వాల్వ్ ఉంటే ఆ అర గ్యాలనుకి పోవడానికి చోటులేదు. దానికి మందు ఎక్స్‌పాన్షన్ ట్యాంకు, అంటే పెరిగిన నీళ్లకి చోటిచ్చే చిన్న ట్యాంకు. 40, 50 గ్యాలన్ల హీటర్‌కి మామూలుగా రెండు గ్యాలన్లది వేస్తారు. పైపుకి బిగించకముందే సైకిల్ పంపుతో దానిలో గాలి మీ ఇంటి నీళ్ల ఒత్తిడికి సమానంగా నింపాలి, నీళ్లెక్కాక నింపితే లెక్క తప్పుతుంది.

ఒత్తిడి, వేడి రెండూ సరిగ్గా ఉండి ఇంకా కారుతుంటే వాల్వ్ లోపల మూసుకునే చోట ఇసుకో సున్నమో చిక్కుకుంది. పైపు కింద బకెట్టు పెట్టి లివరు రెండు మూడుసార్లు ఎత్తి వదలండి, నీళ్లు కాలుతాయి జాగ్రత్త. ఆగకపోతే వాల్వ్ మార్చాలి. అదే ఒత్తిడి అంకె, మీ హీటరు మీద రాసిన బీటీయూకి (వేడి పుట్టించే శక్తి కొలత) తగ్గని సామర్థ్యం, లోపలికి దిగే కమ్మీ అదే పొడుగు.

ఎట్టి పరిస్థితుల్లోనూ ఆ పైపు కొసకి బిరడా పెట్టకండి. చుక్కలు పడుతున్నాయని మూత బిగిస్తే, థర్మోస్టాట్ చెడిన రోజున ట్యాంకు బాంబులా పైకప్పు చీల్చుకుని పోతుంది. ఆ పైపు కిందికే వాలుగా వెళ్లాలి, కొసకి మరలుండకూడదు, నేలకి ఆరు అంగుళాల లోపు ఆగాలి.

యానోడ్ తల

ట్యాంకు తుప్పుపట్టకుండా దాని బదులు తాను కరిగిపోయే కమ్మీ ఇది. తల చుట్టూ తుప్పు, చెమ్మ కనబడితే మళ్లీ బిగించి వదిలేయకుండా తీసి చూడటమే మంచిది. ఎందుకంటే ఏళ్లుగా ఎవరూ దాన్ని చూసి ఉండరు. 1 1/16 అంగుళం సాకెట్టు, పొడుగు పిడి కావాలి. ఇది నిపుల్ కంటే మొండిది, ట్యాంకు పట్టుకునే మనిషి ఇక్కడా అవసరమే, నిపుల్‌కి చెప్పినట్టే నీళ్లు మూసి రెండు మూడు గ్యాలన్లే తీయండి, ట్యాంకు నీళ్లతో బరువుగా ఉంటేనే మేలు. బయటికి తీశాక లోపలి తీగ ఆరంగుళాలకి మించి బయటపడి ఉంటే కొత్తది వేయండి. పైన సీలింగ్ తక్కువుంటే గొలుసులా మడిచే రకం దొరుకుతుంది. నీళ్లు మెత్తబరిచే సాఫ్ట్‌నర్ ఉన్న ఇళ్లలో ఇది త్వరగా కరుగుతుంది, రెండేళ్లకోసారైనా చూసుకోండి.

ఏది బాగుపడదు

రేకు అతుకుల్లోంచి తుప్పునీళ్లు చెమర్చడం, నిపుల్ చుట్టూ ట్యాంకు లోహమే పొరలుగా లేవడం, పైనంతా, డ్రెయిన్ వాల్వ్, ఎలిమెంట్ల దగ్గర కూడా పొడిగా ఉండి ట్యాంకు కింద మాత్రమే నీళ్లు రావడం. ఈ మూడింటికీ మరమ్మతు లేదు. హీటరు వయసు సీరియల్ నంబరులో ఉంటుంది. చాలా కంపెనీలు మొదటి నాలుగంకెల్లో నెల, ఏడాది గానీ, ఏడాది, వారం గానీ వేస్తాయి. ఈ ట్యాంకులు మామూలుగా ఎనిమిది నుంచి పన్నెండేళ్లు నడుస్తాయి. ఆరేళ్ల ట్యాంకుకి నిపుల్ మార్చడం తెలివైన పని. పన్నెండేళ్లదానికి నిపుల్ విప్పబోయి మరలు ఊడగొట్టుకోవడం కంటే, ఆ డబ్బు కొత్తదానికి దాచుకోవడం మేలు. హీటరే మార్చాల్సి వస్తే చాలా నగరాల్లో పర్మిట్ కావాలి.

మళ్లీ నింపడం

డ్రెయిన్ వాల్వ్ మూశారని చూసుకుని, ఒక వేణ్నీళ్ల కుళాయి మూతి జల్లెడ విప్పి తెరిచి ఉంచండి, మట్టి, తుప్పు అందులోంచే వస్తాయి. షటాఫ్ మెల్లగా తిప్పండి. కుళాయి మొదట్లో దగ్గినట్టు గాలి చిమ్ముతుంది, తర్వాత ధార నిండుగా పడుతుంది. నిండు ధార మూడు నిమిషాలు పడ్డాకే కుళాయి మూసి, అప్పుడు కరెంటు వేయండి. ట్యాంకు నిండకముందే బ్రేకరు వేస్తే పై హీటింగ్ ఎలిమెంటు నీళ్లు తగలక నిమిషాల్లో కాలిపోతుంది. 4500 వాట్లది 50 గ్యాలన్లు వేడెక్కించడానికి రెండు గంటలదాకా పడుతుంది, తొందరపడి థర్మోస్టాట్ పెంచొద్దు. 120 డిగ్రీలు చాలు.

పనిచేసిన ప్రతి జాయింటుకీ మళ్లీ పొడి టిష్యూ చుట్టండి. చల్లగా ఉన్నప్పుడొకసారి, పూర్తిగా వేడెక్కాక ఒకసారి, మర్నాడు పొద్దున ఒకసారి చూడండి. వేడికి లోహం సాగి, చల్లగా ఉన్నప్పుడు ఆగిన చుక్క వేడెక్కాక మళ్లీ కనబడొచ్చు. అప్పుడు ఫ్లెక్స్ పైపు నట్టుని ఎనిమిదోవంతు చుట్టు బిగిస్తే చాలు. అటక మీద హీటరున్నవాళ్లు కింద పళ్లెం, దాని డ్రెయిన్ పైపు మూసుకుపోలేదని ఒక చెంబు నీళ్లు పోసి చూసుకోండి, పక్కనే బ్యాటరీతో పనిచేసే తడి అలారం ఒకటి పెట్టండి. 2021 ఫిబ్రవరి చలికి టెక్సాస్‌లో ఎన్నో ఇళ్లలో అటక పైపులు గడ్డకట్టి పగిలాయి. అక్కడున్నవాళ్లు ట్యాంకు పైనున్న పైపులకి ఫోమ్ తొడుగు కూడా వేసుకోవాలి. గ్యాస్ హీటరైతే పొగ గొట్టానికి ఆరంగుళాల దూరంలో తొడుగు ఆపేయండి.

లీక్ నిజంగా ఆగాక కూడా ఒకటి రెండు రోజులు అడుగున చెమ్మ వస్తూనే ఉంటుంది. అది రేకు లోపలి ఫోమ్‌లో నిలిచిన నీళ్లు కొద్దికొద్దిగా దిగడం. పైన కాగితాలు పొడిగా ఉన్నంతసేపూ కింది తడిని చూసి కంగారుపడొద్దు. మూడోరోజుకీ తడి తగ్గకపోతే మళ్లీ నిచ్చెన వేసి, తడిసిన కాగితం ఏదో చూడండి.